మైనం మీద మ్యాటీ మాట

మ్యాటీ మారినన్‌కి ఫిడేలు వాయించడం రాదు. పాడటం అంతకన్నా రాదు. చిన్నప్పుడు గుర్రం మోకాలి మీద తన్నిన దగ్గర్నుంచి నాట్యం ఊసే లేదు. అయినా కారిగ్‌బెగ్‌లో ఎవరి వంటింట్లో ఫిడేలు మోగినా, పొయ్యి పక్కన రాతి అరుగు మీద మొదటి చోటు మ్యాటీదే. దేవుడు మిగతా విషయాల్లో అతని దగ్గర పిసినారితనం చూపించినా, నోటి విషయంలో మాత్రం ధారాళంగా ఉన్నాడు.

ఆ ఊరికో మర్యాద ఉంది. నాట్యానికి వాయించేటప్పుడు సంగతి వేరు. ఊరికే కూర్చుని వినేటప్పుడు మాత్రం ఫిడేలు వాయించేవాడు పాటని ఒక్కసారి చివరిదాకా వాయించి, ఆఖరి స్వరం మీద కమాను నిలిపి ఆగుతాడు. ఇంట్లో ఎవరో ఒకరు ఓ మాట విసరాలి. విసిరితే రెండోసారి ఎత్తుకుంటాడు. లేకపోతే ఫిడేలు మేకుకి తగిలించి వానల గురించి మాట్లాడతాడు. ఎవరూ అనకుండా రెండోసారి వాయించడమంటే, ఎవరూ అడక్కుండా రెండోసారి వడ్డించుకోవడమే.

ఆ మాట విసరడం మ్యాటీ పని. సెనన్ టాల్టీ ఫిడేలు పట్టాడంటే మ్యాటీ నోరు కూడా పట్టినట్టే. ఇద్దరూ ఒకే ఏడు పుట్టారు, ఒకే బడిలో దెబ్బలు తిన్నారు. సెనన్ ఆఖరి స్వరం మీద ఆగగానే అరుగు మీంచి వినబడేది.

"మొదటిసారి ఎలాగూ పాడుచేశావు. రెండోసారైనా మనిషిలా వాయించు."

లేకపోతే, "మా ఇంటి తలుపు ఇంతకన్నా శ్రుతిగా కిర్రుమంటుందిరా. సరే కానీ."

సెనన్ తల ఎత్తేవాడు కాదు. మీసం మాత్రం ఒక పక్కకి కదిలేది. రెండోసారి పాట మొదటిసారికన్నా ఎప్పుడూ బాగుండేది. మ్యాటీ నోటి నుంచి మెచ్చుకోలు ఊళ్ళో ఎవరూ వినలేదు. వినాలని ఎవరూ అనుకోనూ లేదు.

ఆ వేసవిలో సెనన్ ఎడమచేతి ఉంగరపు వేలు లోపలికి ముడుచుకోవడం మొదలుపెట్టింది. నొప్పి లేదు, వాపు లేదు. మెల్లగా, మొహమాటంగా అరచేతి వైపు వంగుతోంది. కిల్‌రష్ పట్నం డాక్టరు చూసి, ఇది చాలామందికి వచ్చేదే, చలికాలం నాటికి పూర్తిగా మూసుకుంటుంది, నాగలి పట్టడానికి అడ్డం రాదులే అన్నాడు. నాగలి సంగతి ఎవరడిగారు?

సెనన్ తనే కట్టిన పాట ఒకటుంది. పేరు 'కదలని గాడిద'. తన పెళ్ళిరోజున బండికి కట్టిన గాడిద నాలుగు దారుల కూడలిలో ఆగిపోయి, బతిమాలినా కొట్టినా కదల్లేదు. అప్పుడు పెళ్ళికొడుకు బండి మీదే నిలబడి దాని కోసం ఓ పాట కట్టి వాయించాడు. పాట రెండో భాగంలో ఒకచోట ఠక్కున ఆగి, మొండికేసి, మళ్ళీ ఒక్క ఉదుటున ముందుకురుకుతుంది. ఆ ఆగడం, ఆ ఉరకడం ఇంకెవరికీ చేతకాలేదు. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళందరూ అక్కడ గాడిదలాగే నిలబడిపోయి ఇంటికెళ్ళారు. వేలు మూసుకుంటే పాటా మూసుకున్నట్టే.

ఈ సంగతి సెనన్ ఎవరితోనూ అనలేదు. మ్యాటీయే ఒక రోజు కుంటుకుంటూ పక్క ఊరి చర్చికి నడిచి, అక్కడి కుర్ర ఫాదర్ లిలిస్‌ని కలిశాడు. ఆయన దగ్గర పాటని మైనపు గొట్టం మీద పట్టే యంత్రం ఉందనీ, ఊరూరా తిరిగి పాత పాటలు పడుతున్నాడనీ, డబ్లిన్‌లో పాటలు కూడబెట్టే పెద్దలకి వాటిని పంపిస్తాడనీ అంతకుముందే విన్నాడు.

"నేను చెప్పానని మాత్రం చెప్పకండి ఫాదర్. వాడి పాట బాగుందని నేననుకుంటున్నానని వాడనుకుంటాడు," అన్నాడు మ్యాటీ.

"బాగోలేదా మరి?"

"అది వేరే సంగతి."

ఆదివారం పూజ అయ్యాక ఫాదర్ లిలిస్ యంత్రాన్ని గుర్రబ్బండిలో గడ్డి మధ్య పెట్టుకుని సెనన్ ఇంటికి వచ్చాడు. పొట్టి చెక్కపెట్టె, పక్కన తాళం తిప్పే పిడి, పైన పొడుగాటి రేకు బూర. మ్యాటీ అప్పటికే అక్కడున్నాడు. అతని భార్య నోరా పోయినప్పటి నుంచి ఆదివారం భోజనం అతనికి అక్కడే. సెనన్ భార్య సబీనా అతన్ని ఎప్పుడూ రమ్మని పిలవదు, వచ్చినప్పుడు ఆశ్చర్యపోదు. బంగాళాదుంపలు వార్చేటప్పుడు అతని పళ్ళెం ముందే బల్ల మీద ఉంటుంది. పిలుపు లేదు గనక మొహమాటమూ లేదు. ఇంత తెలివిగా దయ చూపించేవాళ్ళు తక్కువని మ్యాటీ అనుకునేవాడు గానీ పైకి అనలేదు.

ఫాదర్ ఒక గుండ్రటి అట్టడబ్బాలోంచి గోధుమరంగు గొట్టాన్ని రెండు వేళ్ళు లోపల పెట్టి, గుడ్డు పట్టుకున్నట్టు పైకి తీశాడు.

"మిగిలింది ఇదొక్కటే. తక్కినవన్నీ నిండిపోయాయి. ఇదీ కొత్తది కాదు. మొన్న ఒకింట్లో పాటకన్నా కుక్క బాగా పడింది. పైపొర గీకేశాను. పలచబడింది గానీ పనికొస్తుంది. ఇంకో రెండుసార్లు గీకొచ్చేమో, ఆ తర్వాత మైనం మిగలదు."

"పొయ్యి దగ్గర పెట్టకండి ఫాదర్. కరిగితే కొవ్వొత్తి చేసుకోవాలి," అంది సబీనా.

"కాస్త వెచ్చబడితేనే పాటని గీసే ములుకు బాగా దిగుతుందమ్మా. ఇప్పుడు అసలు సంగతి. ఈ బూర చెవిలాంటిది, కానీ బుద్ధి లేని చెవి. ఏది వినాలో ఏది వినకూడదో దానికి తెలియదు. అందుకని నేను చెయ్యి ఎత్తిన దగ్గర్నుంచి దించేదాకా ఇంట్లో చిన్న చప్పుడు కూడా వినబడకూడదు."

అందరూ మ్యాటీ వైపు చూశారు.

"నన్నెందుకు చూస్తారు? నేనుంటాను మాట్లాడకుండా."

"నీ పెళ్ళిలోనే ఉండలేకపోయావు. నువ్వు చెప్పే కథ అయ్యేదాకా పాదిరీ ఆగాడు," అంది సబీనా.

"అది మంచి కథ సబీనా."

"మ్యాటీ, మీరేమీ అనుకోకండి," అన్నాడు ఫాదర్ లిలిస్. మర్యాద తెలిసిన కుర్రాడు, చెవులు ఎర్రబడ్డాయి. "కాసేపు బయట కూర్చుంటారా?"

మ్యాటీ టోపీ తీసుకుని లేచాడు. ఈ పెద్దమనిషిని ఇక్కడికి రప్పించింది నేనే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే మింగి, తలుపు జాగ్రత్తగా మూసి, పెరట్లో పొయ్యిలోకి కట్టెల బదులు ఎండబెట్టి పేర్చిన పీటుగడ్డల కుప్ప మీద కూర్చున్నాడు. కోళ్ళు వచ్చి చుట్టూ చేరాయి.

"మిమ్మల్ని కూడా గెంటేశారా?" అని అడిగాడు వాటిని.

లోపల సెనన్‌ని బూర నోట్లోకి దూర్చినంత దగ్గరగా కూర్చోబెట్టారు. మొదటిసారి కమాను లాగగానే రేకుకి తగిలి టంగుమంది. తాళం వేసే పాదం బల్లని కుదిపేస్తోందని కింద గొర్రెతోలు మడిచి వేశారు. చివరికి ఫాదర్ చెయ్యి ఎత్తాడు. పాట మొదలైంది.

మ్యాటీ తల వంచుకుని విన్నాడు. మొదటి భాగం బాగానే నడిచింది. రెండో భాగం. అదిగో ఆగింది, అదిగో ఉరికింది. వేలు ఇంకా మాట వింటోంది, ఫరవాలేదు. పాట చివరికొచ్చింది. ఆఖరి స్వరం. కమాను నిలిచింది.

మ్యాటీ నోరు తెరుచుకుంది. టోపీ తీసి నోట్లో కుక్కుకున్నాడు.

లోపల నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం అలా సాగుతూనే ఉంది. కాసేపటికి తలుపు తెరుచుకుంది.

"ఏమైంది సెనన్, ఎందుకు ఆపేశారు? గొట్టంలో ఇంకా సగం చోటుంది," అంటున్నాడు ఫాదర్.

"ఎవరూ ఏమీ అనలేదుగా."

"అనొద్దన్నది నేనే కదండీ."

"మీరన్నారు. నేను విన్నాను. నా చెయ్యి వినలేదు."

ఫాదర్ ములుకు మార్చి యంత్రం తిప్పాడు. తలుపు తెరిచే ఉంది గనక మ్యాటీకీ వినబడింది. ఎక్కడో నూతి అడుగునుంచి వాయిస్తున్నట్టు సన్నగా 'కదలని గాడిద' ఒకసారి వెళ్ళింది. తర్వాత పెనం మీద మాంసం వేగుతున్న చప్పుడు.

"ఈ రెండో పాట ఏమిటి?" అని బయట్నుంచి అడిగాడు మ్యాటీ.

సగం పాట కూడా పాటే కదా అని సెనన్ అంటే ఫాదర్ ఒప్పుకోలేదు. రెండోసారి వాయించినప్పుడే గదా అసలు పాట తెలిసేది, డబ్లిన్ వాళ్ళకి అది కావాలి అన్నాడు. ఆ మాటకి మ్యాటీకి ఆయన మీద గౌరవం పెరిగింది. యంత్రానికున్న చిన్న కత్తి దించి తిప్పితే మైనం సన్నటి పోగులుగా రాలింది. సబీనా వాటిని చీపురుతో కాక చేత్తో ఎత్తి గిన్నెలో వేసుకుంది, దారానికి పూసుకోవచ్చునని.

రెండో ప్రయత్నంలో సెనన్ ఆగలేదు. ఆగొద్దని ఫాదర్ ముందే నాలుగు విధాల చెప్పాడు. మొదటిసారి అయిన వెంటనే రెండోసారి ఎత్తుకున్నాడు, కానీ పొరుగింట్లో మూత తీసి గరిటె పెట్టినవాడిలా గబగబా, తల వంచుకుని. పాట మధ్యలో మొండికేసే చోట కూడా ఆగకుండా జారిపోయాడు. పీటుగడ్డల మీద మ్యాటీ కళ్ళు మూసుకున్నాడు.

మళ్ళీ యంత్రం తిప్పి విన్నారు. విన్నాక సబీనా మొదట మాట్లాడింది.

"గాడిద నడిచింది ఫాదర్. కానీ చచ్చిపోయి నడిచింది."

సెనన్ ఫిడేలు ఒళ్ళో పెట్టుకుని ముడుచుకున్న వేలిని రెండో చేత్తో సాగదీస్తూ కూర్చున్నాడు. ఫాదర్ గొట్టాన్ని కిటికీ వెలుగులో పట్టి చూశాడు.

"ఇంకొక్కసారి గీకొచ్చు. అంతే. ఆ తర్వాత దీన్ని కత్తి కింద పెడితే చిల్లుపడుతుంది. సెనన్, పోనీ మళ్ళీ నెలలో వస్తాను, కొత్త గొట్టాలతో."

సెనన్ వేలి వైపు చూసుకున్నాడు. "వచ్చే నెల మీరొస్తారు ఫాదర్. ఇది వస్తుందో రాదో."

ఫాదర్ అట్టడబ్బా దగ్గరికి లాక్కున్నాడు.

"అతన్ని లోపలికి పిలవండి," అంది సబీనా.

"ఎవర్ని?"

"ఆ కోళ్ళ మధ్యనున్న పెద్దపుంజుని. ఈయన చేతికి అతని కూత అలవాటు."

ఫాదర్ ఆలోచించాడు. బూరకి దూరంగా, సెనన్ వెనక, తలుపు దగ్గర నిలబడితే. ఒక్క మాట, మెల్లగా, పొట్టిగా అంటే. ఆ మాట కమాను ఆగినప్పుడే పడితే ఫిడేలుకి నష్టం లేదు. అలా చేద్దాం అన్నాడు. మ్యాటీ టోపీ దులుపుకుంటూ లోపలికొచ్చాడు. జుట్టులో కోడీక ఉంది. సబీనా దారిన పోతూ తీసేసింది.

"ఏమనాలి?"

"రోజూ అనేదే."

"రోజూ అనేది ఆలోచించి అనను ఫాదర్. అదే వస్తుంది."

"సరే, ఒకసారి అని చూడండి."

మ్యాటీ గొంతు సవరించుకున్నాడు. టోపీ రెండు చేతుల్లో పట్టుకున్నాడు. తలుపు దగ్గర బడిపిల్లాడిలా నిలబడి, "ఊ... వాయించు," అన్నాడు.

"శవం పక్కన కూర్చున్నట్టుంది," అంది సబీనా.

"వాడు తిట్టడం మర్చిపోయాడు ఫాదర్. ఇంతకాలం ఎవరూ అడక్కుండా తిట్టాడు. ఇప్పుడు మీరు చర్చి తరపున అడిగేసరికి నోరు పడిపోయింది," అన్నాడు సెనన్. ఆ పొద్దుట నుంచి అతను నవ్వడం అదే మొదలు.

"నీ కమాను పడిపోకుండా చూసుకో ముందు."

"అదిగో, అలాంటిదే," అన్నాడు ఫాదర్ ఆశగా. కానీ చెయ్యి ఎత్తి చూపి మళ్ళీ అనమంటే మ్యాటీ నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. ఊరంతటికీ సరిపడా మాటలున్న మనిషికి ఒక్క మాట కరువైంది. లోపల్లోపల ఒక్కొక్కటే వెతికాడు. తలుపు కిర్రుమన్న మాట పాతబడింది. పిల్లి తోక తొక్కినట్టుందన్న మాట డబ్లిన్ పెద్దలకి తగదు. అసలు ఆ పెద్దలు ఎలా ఉంటారో ఏమిటో.

"గొట్టాలు డబ్లిన్‌కి పంపే రైలు టైము అవుతోంది," అన్నాడు ఫాదర్ నొచ్చుకుంటూ. ఆ రైలు ఎప్పుడూ టైముకి రాదు గానీ, మనం ఆలస్యమైన రోజున మాత్రం వస్తుంది.

కత్తి తిప్పాడు. మైనం పోగులు రాలాయి. గొట్టం ఇప్పుడు ఎంత పలచగా ఉందంటే వెలుగులో పట్టుకుంటే ఫాదర్ వేళ్ళ నీడ తెలుస్తోంది. చెయ్యి ఎత్తాడు.

సెనన్ ఎత్తుకున్నాడు. మ్యాటీ తలుపు దగ్గర అతని ఎడమ భుజం వెనక నిలబడ్డాడు. అరుగు మీంచి చూస్తే సెనన్ ముఖమూ కమానూ కనిపించేవి. ఇన్నేళ్ళలో వెనక నుంచి అతని వేళ్ళు చూడటం ఇదే మొదటిసారి. చూశాడు.

ఉంగరపు వేలు అసలు తీగ మీదకి రావడం లేదు. అరచేతిలో గువ్వలా ముడుచుకుని కూర్చుంది. దాని పనంతా చిటికెన వేలు చేస్తోంది, పొట్టిగా ఉన్నా సాగి, అందని చోటికి అంది, మళ్ళీ తన చోటికి పరుగెత్తుకొచ్చి. బయట కూర్చుని విన్నప్పుడు వేలు ఇంకా మాట వింటోందనుకున్నాడు తను. వినడం లేదు. ఎప్పటినుంచి వినడం లేదో. ఎవరికీ తెలియనివ్వకుండా ఈ మనిషి పాత పాటకి కొత్త దారి వెతుక్కున్నాడు. ఒక్క స్వరం కూడా జారలేదు. గాడిద ఆగాల్సిన చోట ఆగింది, ఉరకాల్సిన చోట ఉరికింది.

ఆఖరి స్వరం. కమాను నిలిచింది.

మ్యాటీ నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. సెనన్ భుజం కొద్దిగా బిగుసుకుంది. గొట్టం తిరుగుతోంది. సబీనా పొయ్యి పక్కనుంచి కళ్ళతోనే అతన్ని పొడిచింది. కమాను తీగ మీంచి లేవబోయింది.

"దేవుడు నీ చేతిని చల్లగా చూడాలిరా, సెనన్."

మెల్లగా, పొట్టిగా, ఫాదర్ చెప్పినట్టే అన్నాడు. కానీ అన్నది తనేనని మ్యాటీకి ఒక క్షణం తెలియలేదు.

సెనన్ తల గిరుక్కున వెనక్కి తిరగబోయింది. తిరగలేదు, బూర అడ్డం ఉంది గనక. ఆ తిరగాల్సిన విసురంతా కమానులోకి వెళ్ళింది. రెండోసారి పాట గదిలోకి తలుపు తోసుకుని వచ్చినట్టు వచ్చింది. గొర్రెతోలు మీద పాదం చప్పుడు కూడా వినబడింది, ఫాదర్ దాన్ని పట్టించుకోలేదు. మొండికేసే చోట సెనన్ ఎప్పుడూ ఆగనంతసేపు ఆగాడు. ఇక కదలదేమో అని అందరికీ గుండె ఆగేంతసేపు. అప్పుడు ఉరికాడు.

ఫాదర్ చెయ్యి దించాడు. ఎవరూ ముందుగా ఊపిరి వదలడానికి ఇష్టపడలేదు.

ములుకు మార్చి, తిప్పి, విన్నారు. నూతి అడుగునుంచి ఫిడేలు. ఆగింది. అప్పుడు ఒక గొంతు, ముక్కుతో మాట్లాడే ముసలివాడి గొంతు, దేవుడు నీ చేతిని చల్లగా చూడాలిరా సెనన్ అంది.

"ఎవడు వాడు?" అన్నాడు మ్యాటీ. నిజంగానే అడిగాడు. తన గొంతు తనకి బయట్నుంచి ఎప్పుడూ వినబడలేదు.

సబీనా ఆప్రాన్ ముఖానికి అడ్డం పెట్టుకుంది.

"నువ్వేరా," అన్నాడు సెనన్.

"నేనలా మాట్లాడను. నేనలాంటి మాట అననూ అనను. ఫాదర్, అది గీకెయ్యండి."

"గీకితే చిల్లుపడుతుంది మ్యాటీ. పైగా ఇంత బాగా పడిన గొట్టం నా దగ్గర ఇంకొకటి లేదు." ఫాదర్ కళ్ళు మెరుస్తున్నాయి. డబ్బా మూత మీద రాయడానికి పెన్సిలు తీశాడు. "ఫిడేలు, సెనన్ టాల్టీ. మాట..."

"దారిన పోయేవాడు అని రాయండి."

"మాట, మ్యాటీ మారినన్," అని రాశాడు ఫాదర్. "పాదిరీ చేత అబద్ధం రాయిస్తారా?"

మ్యాటీ టోపీ పెట్టుకున్నాడు, తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఫాదర్, వెళ్ళేముందు ఇంకొక్కసారి వినిపిస్తారా?" అన్నాడు సెనన్.

"విన్నకొద్దీ అరిగిపోతుంది సెనన్. ఇది మెత్తటి మైనం. ఒక్కసారి, అంతే."

తిప్పాడు. మ్యాటీ సెనన్‌ని గమనించాడు. పాట మోగుతున్నంతసేపూ సెనన్ పొయ్యి వైపు చూస్తున్నాడు, వింటున్నట్టే లేదు. కమాను ఆగే చోటు దగ్గరకొచ్చేసరికి తల పక్కకి వంచి చెవి బూరకి ఆనించాడు. మాట అయిపోగానే మళ్ళీ పొయ్యి వైపు తిరిగాడు.

"పాట ఎలా ఉంది?" అని అడిగాడు ఫాదర్.

"పాట సంగతి నాకు తెలుసు ఫాదర్," అన్నాడు సెనన్.

గుర్రబ్బండి గొట్టాన్ని గడ్డిలో పెట్టుకుని వీధి మలుపు తిరిగింది. ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. పంది మాంసం, క్యాబేజీ. మ్యాటీ పళ్ళెంలో సబీనా ఒక ముక్క ఎక్కువ వేసింది. అతను చూశాడు, ఏమీ అనలేదు. ఆవేళ అనాల్సినదానికన్నా ఎక్కువే అన్నాడు.

"నువ్వే కదూ ఆయన్ని పిలిచింది?" అన్నాడు సెనన్ బంగాళాదుంప తొక్క తీస్తూ.

"ఎవర్ని?"

"సరేలే."

టీ పోశాక సెనన్ మేకు మీంచి ఫిడేలు తీశాడు. ఇప్పుడు బూర లేదు, గొర్రెతోలు లేదు, ఎత్తిన చెయ్యి లేదు. ముడుచుకున్న వేలిని దాచకుండా, మ్యాటీకి కనిపించేలా మోకాలు తిప్పి కూర్చున్నాడు. 'కదలని గాడిద' మొదటినుంచి చివరిదాకా ఒక్కసారి వాయించాడు. చిటికెన వేలు రెండుచోట్ల అందలేదు. ఆఖరి స్వరం మీద కమాను నిలిపాడు.

సెనన్ ఈసారి తల ఎత్తి, మ్యాటీ ముఖంలోకి సూటిగా చూస్తూ ఆగాడు. సబీనా చేతిలో టీ కెటిలు అలాగే ఉంది. మ్యాటీ రొట్టె ముక్క తీరిగ్గా నమిలాడు. కప్పు ఎత్తి ఓ గుక్క తాగి, ముఖం చిట్లించి, కింద పెట్టాడు.

"నువ్వు వాయించేలోపల నా టీ చల్లారిపోయింది. సబీనా మళ్ళీ కాచేదాకా, పోనీ, ఇంకోసారి వాయించు."

సబీనా కెటిలుని పొయ్యి మీది కొక్కేనికి తగిలించింది. మంటకి దూరంగా, చాలా ఎత్తున, నీళ్ళు త్వరగా కాగకుండా.